పిల్లలు లాఫింగ్ గ్యాస్ పీలుస్తున్నారని తెలిస్తే ఏం చేయాలి, ఎలా మాన్పించాలి?

"మంచం కింద వేలెడంత స్టీలు గుళికలు దొరికాయి, పక్కనే బెలూన్ల ప్యాకెట్ ఉంది. అడిగితే కేకు మీద క్రీమ్ కోసం అంటున్నాడు. నమ్మాలా?" ఈ ప్రశ్న రకరకాలుగా మళ్లీ మళ్లీ వస్తోంది. విడివిడిగా జవాబులు చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను. ఇది ముఖ్యంగా తల్లిదండ్రుల కోసం. టీచర్లకు, హాస్టల్ చూసుకునేవాళ్లకు, స్నేహితుడి గురించి దిగులుపడే కుర్రాళ్లకు కూడా చాలావరకు పనికొస్తుంది.

ఇప్పుడే ఎవరైనా స్పృహ తప్పి పడి ఉంటే మిగతాది తర్వాత చదవండి. నేరుగా 1వ మెట్టుకు వెళ్లండి.

సిద్ధాంతం ఎంత అవసరమో అంతే చెబుతాను. లాఫింగ్ గ్యాస్ అసలు పేరు నైట్రస్ ఆక్సైడ్. పళ్ల డాక్టర్లు 1844 నుంచి వాడుతున్న మత్తు వాయువు. ఆసుపత్రిలో దాన్ని ఆక్సిజన్‌తో కలిపి, మనిషిని కనిపెట్టుకుని ఉండి ఇస్తారు. క్రీమ్‌ను నురగలా పొంగించడానికి ఇదే గ్యాస్‌ను 8 గ్రాముల గుళికల్లోనూ పెద్ద సిలిండర్లలోనూ అమ్ముతారు. బెలూన్‌లోంచి పీలిస్తే మత్తు ఒకటి రెండు నిమిషాలే ఉంటుంది. తొందరగా దిగిపోతుంది కాబట్టే ఇంకోటి, ఇంకోటి అంటూ లెక్క పెరిగిపోతుంది. ఈ గ్యాస్ ఒంట్లోని బీ12 విటమిన్‌ను పని చేయకుండా చేస్తుంది. నరాల మీది పొర నిలబడాలంటే బీ12 కావాలి. అది పని చేయకపోతే వెన్నుపాము దెబ్బతింటుంది, దాని ప్రభావం మొదట కాళ్లలో కనబడుతుంది. అందుకే ఈ గైడ్ అంతా కాళ్ల చుట్టూ తిరుగుతుంది.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- మీ ప్రాంతంలో పనిచేసే అంబులెన్స్ నంబర్, ఫోన్‌లో సేవ్ చేసి.
- ఒక చిన్న నోట్‌బుక్. తేదీలు, లక్షణాలు, పీల్చిన లెక్క రాయడానికి.
- దొరికిన గుళికలు, సిలిండర్ల ఫొటోలు. లేబుల్ మీద బరువు ఎంతుందో కనబడాలి.
- న్యూరాలజిస్ట్ (నరాల డాక్టర్) ఎక్కడ దొరుకుతారో సమాచారం.
- మీరు కాకుండా మీ పిల్లలు నమ్మే మరో పెద్దమనిషి. మామయ్య, పిన్ని, ఆటలు నేర్పే కోచ్, ఎవరైనా సరే.
- ఎవరూ తొందర పెట్టని ఒక గంట సమయం. నిజానికి దొరకనిది ఇదే.

యూరిన్ డ్రగ్ టెస్ట్ కిట్ కొనకండి. మామూలు కిట్లలో నైట్రస్ కనబడదు. నెగెటివ్ వచ్చిందని మీరు ఊపిరి పీల్చుకుంటారు, అవతల వ్యవహారం సాగుతూనే ఉంటుంది.

1. ప్రాణం మీదికి వస్తే

మూతి దగ్గర బెలూన్, మాస్కు, కవరు ఏదున్నా తీసేయండి. కిటికీలు, తలుపులు తెరవండి. ఈ గ్యాస్ తనంతట తాను అంటుకోదు గానీ మంటను ఎగదోస్తుంది, కాబట్టి అక్కడ అగ్గిపుల్ల గీయొద్దు, సిగరెట్ వెలిగించొద్దు.

పిలిస్తే పలకకపోతే అంబులెన్స్‌కు ఫోన్ చేయండి. ఊపిరి మామూలుగా ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, వాంతి అయినా గొంతుకు అడ్డం పడదు. ఊపిరి ఆడకపోతే సీపీఆర్ (ఛాతీ మీద నొక్కే ప్రథమ చికిత్స) మొదలుపెట్టండి. మీకు రాకపోతే ఫోన్‌లో ఉన్నవాళ్లు చెబుతారు, స్పీకర్ ఆన్ చేసి వాళ్లు చెప్పినట్టు చేయండి. లేపి నడిపించడం, మొహాన నీళ్లు కొట్టడం, నిమ్మరసం తాగించడం వద్దు.

పెదాలు, నోరు, చేతులు తెల్లగా గట్టిపడి ఉంటే అది చలి వల్ల కాలడం. సిలిండర్ నుంచి బయటికొచ్చేటప్పుడు గ్యాస్ గడ్డకట్టే చలి కంటే ఎంతో చల్లగా ఉంటుంది. రుద్దొద్దు, వేడినీళ్లు పోయొద్దు. గోరువెచ్చని నీళ్లలో ఉంచి ఆసుపత్రికి తీసుకెళ్లండి. సిలిండర్ నుంచి నేరుగా పీల్చి ఉండి, గొంతు బొంగురుపోయినా, మింగలేకపోతున్నా, ఆయాసపడుతున్నా ఆలస్యం చేయొద్దు. లోపల వాపు వచ్చి గాలి దారి మూసుకుపోవచ్చు.

2. నిజంగా ఇదేనా అని తేల్చుకోండి

క్రీమ్ కోసమే అంటే ఒక సులువైన ప్రశ్న ఉంది: క్రీమ్ చేసే సైఫన్ బాటిల్ ఏది? గుళికలు ఉండి బాటిల్ లేకపోతే అది వంట కాదు. గుళిక మూతి దగ్గర చిన్న రంధ్రం ఉంటే అది వాడేసినది. స్ట్రాబెర్రీ, మామిడి లాంటి రుచుల పేర్లతో రంగురంగుల బొమ్మలున్న పెద్ద సిలిండర్ ఇంటి వంటకు ఎందుకో ఎవరూ చెప్పలేరు.

మనిషిలో గమనించాల్సినవి: పెదాల చుట్టూ, వేళ్ల మీద, తొడల లోపలి వైపు కాలిన మచ్చలు. తొడలేమిటి అనుకుంటారేమో, పెద్ద సిలిండర్‌ను మోకాళ్ల మధ్య ఇరికించుకుని బెలూన్లు నింపుతారు. ఇంకా మెట్ల మీద తడబడటం, చెప్పు కాలి నుంచి జారిపోయినా తెలియకపోవడం, మతిమరుపు, లేనిపోని అనుమానాలు. వాసన చూసి పట్టుకుందామంటే కుదరదు. దీనికి కాస్త తీపి వాసనే ఉంటుంది, అదీ నిలవదు.

ఒక్క బెలూన్ కనబడగానే నిర్ధారణకు రావొద్దు. అలాగని పది ఆధారాలు పోగయ్యేదాకా గూఢచారిలా తిరగొద్దు. రెండు మూడు కలిసొస్తే మాట్లాడే సమయం వచ్చినట్టే.

3. మాట్లాడండి, కాళ్లతో మొదలుపెట్టండి

చాలా ఇళ్లలో పని చెడేది ఇక్కడే. "పరువు తీశావు", "చచ్చిపోతావు", "నీ ఫ్రెండ్సే నిన్ను చెడగొట్టారు" అనే మూడు మాటల్లో ఏదో ఒకటి ముందొస్తుంది. చచ్చిపోతావన్న మాట వాళ్లు నమ్మరు. పార్టీలో పది మంది పీల్చి నవ్వుకుంటూ ఇంటికెళ్లడం కళ్లారా చూశారు. మీ మొదటి మాటే వాళ్లు చూసినదానికి విరుద్ధంగా ఉంటే తర్వాతి మాటలు వినరు. ఫ్రెండ్స్‌ను తిడితే వాళ్లను వెనకేసుకు రావడంలోనే సంభాషణ అయిపోతుంది.

కాళ్ల సంగతి వేరు. తిమ్మిర్లు వాళ్లకూ తెలుసు, చాలామంది లోలోపల భయపడుతూనే ఉంటారు. ఎవరూ అడగరు గనుక చెప్పరు. కాబట్టి ఇలా మొదలుపెట్టి చూడండి:

"నాన్నా, గుళికలు చూశాను. ఇప్పుడు తిట్టడానికి రాలేదు. ఒక్కటి చెప్పు, పాదాల్లో తిమ్మిర్లు గానీ చీమలు పాకినట్టు గానీ ఉంటోందా?"

జవాబు "ఏం లేదు" అయినా ఫర్వాలేదు. "సరే, ఉంటే ఎప్పుడైనా చెప్పు. దానికి వైద్యం ఉంది, కానీ ఆలస్యమైతే పూర్తిగా తగ్గకపోవచ్చు" అని ఆపండి. మర్నాడు తనంతట తానే వచ్చి చెప్పే అవకాశం మీరనుకున్నదాని కంటే ఎక్కువ.

మాట కలిశాక లెక్క అడగండి. ఎప్పటి నుంచి, వారానికి ఎన్ని రోజులు, ఒక్కసారి కూర్చుంటే ఎన్ని. ఇక్కడ పిల్లలూ పెద్దలూ ఇద్దరూ మోసపోయే చోటు ఒకటుంది. "వారానికి ఒక్క సిలిండరే" అంటే తక్కువలాగే వినిపిస్తుంది. 640 గ్రాముల సిలిండర్ అంటే 8 గ్రాముల గుళికలు 80. లేబుల్ మీది బరువును 8తో భాగించి నోట్‌బుక్‌లో గుళికల లెక్కలోనే రాయండి. ఆ అంకె కాగితం మీద చూసి ఆశ్చర్యపోయేది ఎక్కువగా పీల్చినవాళ్లే.

మీతో మాట్లాడకపోతే పట్టుబట్టొద్దు. ఆ మరో పెద్దమనిషిని పంపండి. మీ ద్వారా కాకపోతే ఎలా అన్న పట్టింపు ఇక్కడ పనికిరాదు.

4. ఇంట్లోనే కాళ్లు, చేతులు చూడండి

ఇది రోగనిర్ధారణ కాదు. డాక్టర్ దగ్గరికి ఈరోజే వెళ్లాలా, ఈ వారంలో వెళ్లినా సరిపోతుందా అని తేల్చుకోవడానికి. గ్యాస్ పీల్చని సమయంలో, మందు తాగి లేనప్పుడు చేయండి.

- ఒక కాలి మడమ రెండో కాలి వేళ్లకు ఆనేలా గీత మీద నడవమనండి. తూలుతున్నారా?
- పాదాలు దగ్గరగా పెట్టి నిలబడి, అర నిమిషం కళ్లు మూసుకోమనండి. పక్కనే నిలబడండి, పడిపోవచ్చు. కళ్లు తెరిచి బాగానే నిలబడి, మూయగానే ఊగిపోతే అది పట్టించుకోవాల్సిన సంగతి.
- కళ్లు మూసుకున్నాక దూదితో కాలి వేళ్లను తాకండి. ఎప్పుడు తగిలిందో చెప్పగలుగుతున్నారా?
- చొక్కా గుండీలు పెట్టుకోమనండి.
- గడ్డాన్ని ఛాతీకి ఆనించినప్పుడు వెన్నులోంచి కరెంటు షాక్ కొట్టినట్టు జివ్వుమంటోందా అని అడగండి.

తర్వాత ఒంటరిగా, మెల్లగా ఇంకోటి అడగాలి: మూత్రం ఆపుకోలేకపోవడం, లేదా రాకపోవడం, మలబద్ధకం, లైంగిక సమస్యలు. తల్లికో తండ్రికో ఇది చెప్పడం కష్టమే. కాగితం మీద టిక్ పెట్టమంటే సులువుగా చెబుతారు.

వీటిలో ఒక్కటి తేడాగా ఉన్నా ఈరోజే డాక్టర్ దగ్గరికి. నడవలేకపోతున్నా, మూత్రం ఆగిపోయినా అత్యవసర విభాగానికి. ఒక్క కాలే వాచి నొప్పి పెడుతున్నా, ఉన్నట్టుండి ఛాతీ నొప్పి, ఆయాసం వచ్చినా అంతే. ఈ గ్యాస్ ఎక్కువగా వాడేవాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం కూడా ఉంది. అన్నీ బాగున్నా, వారానికోసారి పీలుస్తున్నవాళ్లను ఆ వారంలోనే చూపించండి.

5. డాక్టర్ దగ్గర మొదటి వాక్యం

"కాళ్లు తిమ్మిర్లండీ" అని మాత్రమే చెప్పి నైట్రస్ మాట దాచిపెడితే వైద్యం దారి తప్పుతుంది. వేరే నరాల జబ్బుగా పొరపడి వారాలు గడిచిపోవచ్చు. మొదటి వాక్యంలోనే చెప్పండి: నైట్రస్ ఆక్సైడ్ పీలుస్తున్నారు, ఇన్ని నెలలుగా, వారానికి ఇన్ని గుళికలు. తర్వాత మీరు బయటికొచ్చి, పిల్లలను డాక్టర్‌తో ఒంటరిగా మాట్లాడనివ్వండి. మీకు చెప్పిన లెక్కకూ డాక్టర్‌కు చెప్పే లెక్కకూ తేడా ఉంటుంది.

సాధారణంగా రక్తంలో బీ12, హోమోసిస్టీన్, మిథైల్ మలోనిక్ యాసిడ్, పూర్తి రక్త కణాల పరీక్ష రాస్తారు. అవసరమైతే వెన్నుపాముకు ఎంఆర్ఐ తీస్తారు. ఒక మెలిక గుర్తుంచుకోండి: బీ12 రిపోర్టు నార్మల్ వచ్చినా నరాలు దెబ్బతిని ఉండొచ్చు. ఈ గ్యాస్ బీ12ను రక్తంలోంచి మాయం చేయదు, పని చేయకుండా చేస్తుంది. అందుకే బీ12 పని చేయనప్పుడు రక్తంలో పెరిగే హోమోసిస్టీన్, మిథైల్ మలోనిక్ యాసిడ్ కూడా చూడాలి. అవి పెరిగి ఉంటే అసలు సంగతి బయటపడుతుంది. ఆ పరీక్షలు అందుబాటులో లేకపోతే లక్షణాలు, పీల్చిన లెక్క చూసి కూడా వైద్యం మొదలుపెట్టవచ్చు, రిపోర్టుల కోసం ఆగక్కర్లేదు.

వైద్యం అంటే గ్యాస్ పూర్తిగా ఆపడం, బీ12 ఇంజెక్షన్లు, అవసరమైతే ఫిజియోథెరపీ. ఎన్ని ఇంజెక్షన్లు, ఎన్నాళ్లు అన్నది డాక్టర్ చెప్పాలి. మాంసం, గుడ్లు, పాలు ముట్టనివాళ్లు, షుగర్ జబ్బుకు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు, చాలాకాలంగా ఎసిడిటీ మాత్రలు మింగేవాళ్లు ఆ మాట కూడా చెప్పాలి. వాళ్లలో బీ12 నిల్వలు ముందే తక్కువగా ఉండొచ్చు, తక్కువ గ్యాస్‌కే దెబ్బతినవచ్చు.

6. ఆపడం

మద్యం మానేటప్పుడు కొందరికి వచ్చే ఫిట్స్ లాంటి ప్రమాదం దీన్ని మానేస్తే సాధారణంగా ఉండదు. కాబట్టి "మెల్లమెల్లగా తగ్గిస్తా" అన్న బేరానికి ఒప్పుకోనక్కర్లేదు, ఒక్కసారిగా ఆపొచ్చు. దాంతోపాటు మద్యం, నిద్రమాత్రలు, నొప్పి తగ్గించే మత్తుమందులు ఏవైనా రోజూ వాడుతుంటే మాత్రం వాటిని డాక్టర్‌ను అడగకుండా ఒక్కసారిగా ఆపొద్దు.

ఒంటికి ఇబ్బంది లేకపోయినా మనసు లాగుతుంది. ఏ రోజు, ఎవరితో, ఏ సమయంలో పీలుస్తున్నారో నోట్‌బుక్‌లో చూడండి. సాధారణంగా ఒకటి రెండు సందర్భాలే ఉంటాయి: వారాంతపు పార్టీ, లేదా రాత్రి ఒంటరిగా గదిలో. పార్టీలో పీల్చేవాళ్లకు ఆ రాత్రికి వేరే పని కల్పిస్తే సగం పని అయినట్టే. గదిలో తలుపేసుకుని ఒంటరిగా పీల్చేవాళ్ల సంగతి వేరు. దాని వెనక నిద్రలేమి, దిగులు, పరీక్షల టెన్షన్ ఏదో ఉంటుంది. గ్యాస్ ఒక్కటే ఆపితే అది వేరే రూపంలో బయటికొస్తుంది. మానసిక వైద్యుడినో కౌన్సెలర్‌నో కలవండి. లేనివి వినిపిస్తున్నాయన్నా, అందరూ తనపై కుట్ర చేస్తున్నారన్నా వెంటనే కలవాలి.

7. మాననంటే?

పెద్దవాడయ్యాడు, మీ మాట వినడు. అప్పుడు రెండు మార్గాలు: తలుపు మూసేయడం, లేదా కనీసం ప్రాణం పోకుండా చూడటం. నేను రెండోదే చెబుతాను. ఒంటరిగా పీల్చొద్దని, సిలిండర్‌కు నేరుగా నోరు పెట్టొద్దని, తలకు కవరు గానీ మాస్కు గానీ తగిలించుకోవద్దని, తలుపులు మూసిన కారులో వద్దని, నిలబడి వద్దని, మద్యంతో కలపొద్దని, పీల్చి బండి నడపొద్దని చెప్పండి. ఇలా చెబితే ఒప్పుకున్నట్టు కాదా అని చాలామంది అడుగుతారు. కాదు. వీటిలో ఏదీ నరాలను కాపాడదని కూడా అదే నోటితో చెప్పాలి. తిమ్మిరి మొదలైన రోజున ముందు మీ దగ్గరికే రావాలి, దానికోసమే ఇదంతా.

8. మిగిలిన సిలిండర్లు

గుచ్చి ఖాళీ చేయొద్దు, మంటలో వేయొద్దు, మామూలు చెత్తలో పడేయొద్దు. చెత్త కాల్చే చోట ఇవి పేలతాయి. ప్రమాదకరమైన చెత్త తీసుకునే చోట ఇవ్వండి. పిల్లలకు చెప్పకుండా తీసేయడం కంటే వాళ్ల ఎదుట, వాళ్ల చేతే ఇప్పించడం మేలు.

స్కూలు, కాలేజీల్లో మాట్లాడేవాళ్లకు

ఎలా పీలుస్తారో చూపించే వీడియోలు వేయొద్దు, తెలియనివాళ్లకు నేర్పినట్టవుతుంది. అరగంట ఉపన్యాసం కంటే మూడు విషయాలు చాలు: తిమ్మిరి వస్తే చెప్పండి, బీ12 మాత్ర కాపాడదు, స్నేహితుడు పడిపోతే భయపడకుండా ఫోన్ చేయండి. మూడోది పని చేయాలంటే, ఫోన్ చేసిన పిల్లలను శిక్షించబోమని యాజమాన్యం ముందే మాటివ్వాలి.

చట్టం సంగతి మీ దేశంలో ఎలా ఉందో కనుక్కోండి. నెదర్లాండ్స్ 2023 జనవరి 1 నుంచి మత్తు కోసం అమ్మకాన్ని, దగ్గర ఉంచుకోవడాన్ని నిషేధించింది. బ్రిటన్‌లో 2023 నవంబర్ 8 నుంచి మత్తు కోసం దగ్గర ఉంచుకున్నా నేరమే, రెండేళ్ల దాకా జైలు పడొచ్చు. "దుకాణంలో దొరుకుతోంది కదా, ప్రమాదం లేనట్టే" అనే పిల్లలకు చెప్పడానికి ఇవి పనికొస్తాయి, అంతకు మించి వీటి మీద ఆధారపడొద్దు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

*బీ12 మాత్రలు మింగుతూ పీల్చడం.* పిల్లల్లో బాగా ప్రచారంలో ఉన్న చిట్కా ఇది. చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే. గ్యాస్ సాగినంతకాలం కొత్తగా వేసిన బీ12 కూడా పనికిరాకుండా పోతూనే ఉంటుంది.

*రక్తపరీక్షకు ముందే ఇంట్లో బీ12 మొదలుపెట్టడం.* రిపోర్టు తారుమారవుతుంది. వీలైతే రక్తం ఇచ్చాక ఇంజెక్షన్ తీసుకోవాలి. అలాగని పరీక్ష దొరకలేదని వైద్యం రోజుల తరబడి వాయిదా వేయడం అంతకంటే పెద్ద తప్పు.

*బలానికని ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇవ్వడం.* రక్తహీనత తగ్గినట్టు కనబడుతుంది, నరాల నష్టం లోపల సాగుతుంది.

*తిమ్మిరి తగ్గింది కదా అని ఇంజెక్షన్లు మధ్యలో ఆపేయడం.* నరాలు కోలుకోవడానికి వారాలు, నెలలు పడుతుంది.

*ఫోన్ లాక్కోవడం.* పడిపోతే అంబులెన్స్‌కు ఫోన్ చేయాల్సింది అదే ఫోన్‌తో.

ఫలితం వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?

"మానేశావా?" అని రోజూ అడగడం వల్ల తెలిసేది ఏమీ లేదు. వారానికోసారి, అదే రోజు, 4వ మెట్టులోని పరీక్షలు మళ్లీ చేసి నోట్‌బుక్‌లో రాయండి. గీత మీద ఎన్ని అడుగులు తూలకుండా వేశారు, కళ్లు మూసుకుని ఎన్ని సెకన్లు నిలబడ్డారు, తిమ్మిరి పాదాల వరకేనా మోకాళ్ల దాకానా. తిమ్మిరి పైకి పాకుతుంటే వెంటనే డాక్టర్‌కు చెప్పండి. వైద్యం మొదలైన కొత్తలో కాళ్లలో కాస్త మంట, సూదులు గుచ్చినట్టు ఉంటే కంగారుపడి ఆపేయకండి, డాక్టర్‌ను అడగండి.

ఇంజెక్షన్ల తర్వాత రక్తంలో బీ12 ఎలాగూ పెరుగుతుంది, అది చూసి నయమైందనుకోవద్దు. హోమోసిస్టీన్, మిథైల్ మలోనిక్ యాసిడ్ దిగొచ్చాయా అన్నది అసలు లెక్క. దిగి మళ్లీ ఎక్కితే మళ్లీ పీలుస్తున్నారేమో మర్యాదగానే అడగండి.

రిపోర్టులు కాకుండా చూడాల్సినవి కూడా ఉన్నాయి. చేతిఖర్చు లెక్క కుదురుతోందా, పార్సిళ్లు ఆగాయా, నిద్ర కుదురుకుందా, మీరు గదిలోకి వెళ్తే మాట్లాడుతున్నారా. చాలామంది బాగా కోలుకుంటారు. కొందరికి కొంత తిమ్మిరి, కొంత తూలడం మిగిలిపోతాయి. ఎంత త్వరగా ఆపారన్నదాని మీద అది చాలావరకు ఆధారపడి ఉంటుంది.

నెలల తర్వాత మళ్లీ ఒక గుళిక దొరికితే మొదటి నుంచి గొడవ పెట్టుకోకండి. 3వ మెట్టులోని ప్రశ్న అడిగి, 4వ మెట్టు చేసి, పాత రిపోర్టులు పట్టుకుని ఆ వారంలోనే అదే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.